గోరంత బొమ్మ: నమూనా గుడ్డ నుంచి కంప్యూటర్ తెర దాకా

నేత ఇంట్లో మగ్గం ఒక్కటే ఆస్తి కాదు, డిజైను కూడా ఆస్తే. మగ్గం విరిగితే వడ్రంగి చేత ఇంకోటి చేయించుకుంటాం. తాతల నాటి అంచు ఒకటి పోతే, దాన్ని నేసినవాళ్లూ చూసినవాళ్లూ పోయాక, మళ్లీ తెచ్చుకునే దారి లేదు. అలాంటి ఆస్తి ఇవాళ చాలా ఇళ్లలో పెట్టెలోంచి, అటక మీది నుంచి దిగి కంప్యూటర్లోకి, పెన్‌డ్రైవ్‌లోకి, ఫోన్లోకి చేరింది. మన సమాఖ్య వార్షికోత్సవ సంచిక కూడా తెర మీదే మీ ముందుకు వస్తోంది. అందుకని ఆ తెర మీద మన డిజైన్లు ఎలా కనబడుతున్నాయి, కొన్ని ఎందుకు అసలు కనబడటం లేదు అన్న సంగతి చెప్పుకోవడానికి ఇదే తగిన చోటు అనుకున్నాం.

సంగతి చూడ్డానికి చిన్నదే. ఫొటోలున్న ఫోల్డర్ తెరిస్తే ప్రతి ఫొటో గోరంత సైజులో వరసగా కనబడుతుంది. ఇంగ్లీషులో దీన్ని థంబ్‌నెయిల్ అంటారు, అంటే బొటనవేలి గోరు. తెలుగులో కొందరు నఖచిత్రం అని రాస్తున్నారు. మనం గోరంత బొమ్మ అందాం. అదే కోరల్‌డ్రాలోనో ఇల్లస్ట్రేటర్‌లోనో గీయించిన అంచులు, బుటాలు ఉన్న ఫోల్డర్ తెరిస్తే చాలా కంప్యూటర్లలో బొమ్మలు రావు. అన్నిటికీ ఒకటే గుర్తు, కింద ఇంగ్లీషు పేర్లు: బోర్డర్ ఒకటి, బోర్డర్ రెండు, ఫైనల్, న్యూ ఫైనల్. ఏది నెమలి, ఏది రుద్రాక్ష అంచు, ఏది గుడి అంచు? ఒక్కొక్కటీ తెరిచి చూడాల్సిందే. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడం అంటే ఇదే.

మన వైపు ఇది ఎందుకు పెద్ద సంగతి

కొల్నార, రాయగడ వైపు ఈ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరయ్యేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం ఏజెన్సీలో, జయపురం సంస్థానం కింద ఉండేది. ఆ తర్వాత కొరాపుట్ జిల్లాలో ఉంది. 1992 అక్టోబర్ 2న రాయగడ సొంత జిల్లా అయింది. గీతలు మారాయిగానీ మనుషులు ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. అందుకే మన ఇళ్లలో మాట తెలుగు, బడిలో రాత ఒడియా, సంతలో కువి వినబడుతుంది, కంప్యూటర్లో ఇంగ్లీషు. పెద్దవాళ్లలో తెలుగు చదవగలిగినవాళ్లకి ఒడియా రాదు. పిల్లలకి ఒడియా వచ్చు, తెలుగు అక్షరాలు కూడబలుక్కోవాలి. ఫైలు పేరు ఏ లిపిలో పెట్టినా ఇంట్లో సగం మందికి అందదు. బొమ్మ మాత్రం తాతకీ మనవరాలికీ ఒకేలా అందుతుంది.

చుట్టుపక్కల చూసినా అంతే. కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతగాళ్లు ఆల్ చెట్టు వేరు రంగుతో నూలు అద్ది, పీత, చేప, శంఖం లాంటి బొమ్మలు నేస్తారు. ఆ నేతకి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన నియమగిరి కొండల మీద డొంగ్రియా కోంధు ఆడవాళ్లు శాలువా మీద సూదితో త్రికోణాలు, గీతలు వేస్తారు. ఆ కుట్టుపనిని కప్డాగండా అంటారు. దానికి 2024లో గుర్తింపు దక్కింది. ఈ డిజైన్లేవీ పేరుతో పుట్టినవి కావు. చూసి నేర్చుకున్నవి, చూసి గుర్తుపట్టేవి.

మూట విప్పకుండా చూపించడం

పెద్దది విప్పకుండా చిన్నది చూపించడం మనకి కంప్యూటర్ నేర్పిన విద్య కాదు. సావుకారు చీర మడత విప్పకముందు కొంగు కొస చూస్తాడు. బేరానికి వెళ్లేవాళ్లు జానెడు నమూనా ముక్కలు సంచిలో పెట్టుకుని వెళ్లేవాళ్లు. అన్నం ఉడికిందా లేదా అని చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు కదా, ఇదీ అంతే.

ఈ నమూనా ముక్కల చరిత్రలో మనం మరచిపోకూడని పుస్తకం ఒకటుంది. 1866లో లండన్‌లో ఇండియా మ్యూజియం పని చూసే జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అనే అధికారి మన దేశపు బట్టల నమూనాలతో 18 సంపుటాలు తయారుచేయించాడు. అందులో 700 నమూనాలు. అచ్చు వేసిన బొమ్మలు కావు, నిజం బట్టలనే కత్తిరించి పేజీలకి అంటించారు. మద్రాసు ప్రెసిడెన్సీ బట్టలూ అందులో ఉన్నాయి. మొత్తం 20 సెట్లు కడితే 13 బ్రిటన్‌లో పంచారు, 7 మన దేశానికి పంపారు. ఇండియాలో జనం ఎలాంటి బట్ట కడతారో అక్కడి మిల్లుదార్లకి చూపించి, అలాంటిదే మరమగ్గాల మీద నేయించి ఇక్కడ అమ్మించడం అందులోని ఉద్దేశం. వాట్సన్ ఆ మాట దాచుకోలేదు కూడా. వాళ్లకి మన ఊళ్లు తిరగాల్సిన పని లేకపోయింది. జానెడు ముక్క చూస్తే సరిపోయింది. చిన్న నమూనా ఎంత పని చేయగలదో చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. ఈ సంగతి కాసేపు గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

గళ్లూ గీతలూ

గోరంత బొమ్మ కొన్ని ఫైళ్లకి తేలిగ్గా వచ్చి, కొన్నిటికి ఎందుకు రాదో తెలియాలంటే బొమ్మల్లో రెండు జాతులున్నాయని తెలియాలి. నేతవాళ్లకి ఇది చెప్పడం సులువు, ఎందుకంటే రెండూ మన చేతుల్లో ఉన్నవే.

మొదటిది గళ్ల బొమ్మ. పడుగు దారం, పేక దారం కలిసిన ప్రతి చోటూ ఒక గడి. గ్రాఫు కాగితం మీద గడి నింపితే దారం పైకి, నింపకపోతే కిందికి. 1725లో ఫ్రాన్సులోని లియాన్‌లో బసీల్ బూషోన్ ఈ పైకీ కిందికీ లెక్కని కాగితపు చుట్ట మీద చిల్లులుగా మార్చాడు. 1804 నాటికి అదే ఊళ్లో జోసెఫ్ మరీ జకార్డ్ దాన్ని అట్టల దండగా మార్చి మగ్గం నెత్తిన కూర్చోబెట్టాడు. 1839లో అక్కడే జకార్డ్ రూపాన్ని పట్టు మీద నేశారు. అందుకు 24,000 అట్టలు పట్టాయి. మన ఇళ్లలో నడిచే జకార్డు ఆ వంశానిదే. ఫోన్‌తో తీసిన ఫొటో కూడా ఇలాంటిదే. లక్షల గళ్లు, గడికో రంగు. అలాంటి బొమ్మని చిన్నది చేయడం అంటే కొన్ని గళ్లని కలిపి ఒక్క గడి చేయడమే. కంప్యూటర్‌కి అది రెప్పపాటు పని.

రెండోది గీతల బొమ్మ. ముగ్గు వేసే అమ్మని అడగండి, ఇన్ని చుక్కలు, ఇక్కణ్ణించి అక్కడికి వంపు అని చెబుతుంది. ఆ మాటలు విన్నవాళ్లు గుమ్మం ముందు చిన్నగానూ వేయొచ్చు, గుడి ముందు పెద్దగానూ వేయొచ్చు. వంపు చెదరదు. ఇంగ్లీషులో దీన్నే వెక్టర్ అంటారు. ఫైల్లో బొమ్మ ఉండదు, బొమ్మ ఎలా గీయాలో చెప్పే మాటలు ఉంటాయి. అంచు గీయించేవాళ్లు వెక్టర్‌నే ఎంచుకోవడానికి కారణం ఇదే. నాలుగు అంగుళాల అంచుని ఆరు అంగుళాలకి పెంచినా అంచులు చితికిపోవు.

ఇబ్బంది కూడా అక్కడే ఉంది. గళ్ల బొమ్మని చిన్నది చేయాలంటే ఉన్నదాన్ని కుదిస్తే చాలు. గీతల బొమ్మని గోరంత చేసి చూపించాలంటే ముందు ఆ మాటలన్నీ చదివి, గీసి, రంగులు నింపి, ఆ తర్వాత గళ్లలోకి మార్చాలి. కొనేవాడికి చూపించడానికి ప్రతిసారీ మగ్గం ఎక్కి ఒక ముక్క నేసి ఇవ్వడం లాంటిది ఇది.

గీతల ఫైళ్లు ఎలా వచ్చాయి

1963లో అమెరికాలో ఐవన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాంతో తెర మీద గీతలు గీసి చూపించాడు. జనం చేతికి అది రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పైనే పట్టింది. 1984లో అడోబీ కంపెనీ పోస్ట్‌స్క్రిప్ట్ అనే భాషని తెచ్చింది. ప్రింటర్‌కి గీతలు ఎలా వేయాలో చెప్పే భాష అది. 1987లో ఇల్లస్ట్రేటర్, 1989లో కెనడా నుంచి కోరల్‌డ్రా వచ్చాయి. మన దగ్గర ఫ్లెక్సీ షాపుల్లో, డీటీపీ సెంటర్లలో కోరల్‌డ్రా ఇల్లు కట్టుకుని కూర్చుంది. మన అంచులు కూడా అక్కడే ఎక్కువగా గీయించాం, అందుకే ఇళ్లలో సీడీఆర్ ఫైళ్లు ఇన్ని.

ఈ కంపెనీల ఫైళ్లు ఎవరివి వాళ్లవే. ఒకరి ఫైలు ఇంకొకరి ప్రోగ్రాంలో సరిగా తెరుచుకోదు. 1998లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ముందుకి పోటీ పద్ధతులు వచ్చాయి. ఒకవైపు అడోబీ, దాని జతగాళ్లు. ఇంకోవైపు మైక్రోసాఫ్ట్, దాని జతగాళ్లు. ఏ ఒక్కరి పక్షమూ పట్టకుండా డబ్ల్యూ3సీ అందరికీ చెందే కొత్త పద్ధతి చేయించింది. అదే ఎస్‌వీజీ. 2001 సెప్టెంబర్ 4న అది అధికారికంగా ఖాయమైంది. 2003లో ఇంక్‌స్కేప్ అనే ఉచిత ప్రోగ్రాం మొదలై, డబ్బు కట్టకుండా ఎస్‌వీజీ గీసుకునే వీలు కల్పించింది. మైక్రోసాఫ్ట్ సొంత బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మాత్రం ఎస్‌వీజీని చూపించడానికి 2011లో తొమ్మిదో వెర్షన్ దాకా ఆగింది. ఇవాళ్టికీ మామూలు విండోస్‌లో ఫోల్డర్ తెరిస్తే ఎస్‌వీజీ ఫైళ్లకి బొమ్మలు రావు, అన్నిటి మీదా బ్రౌజర్ గుర్తే కనబడుతుంది. పవర్‌టాయ్స్ అని మైక్రోసాఫ్ట్ వాళ్లే ఇచ్చే ఉచిత ప్రోగ్రాం విడిగా వేసుకుంటే అప్పుడు వస్తాయి.

బొమ్మ చూపించే మూడు దారులు

ఈ చిక్కుకి ఇన్నేళ్లలో మూడు రకాల పరిష్కారాలు వచ్చాయి. మూడూ నేతవాళ్లకి తెలిసిన పద్ధతులే.

మొదటి దారి, మూటకే ముక్క కుట్టడం. పోస్ట్‌స్క్రిప్ట్ కాలంలో ఈపీఎస్ అనే ఫైలు వచ్చింది. అసలు గీతలతో పాటు ఒక చిన్న గళ్ల బొమ్మని కూడా దాని లోపల పెట్టవచ్చు. తెరవలేని ప్రోగ్రాం కనీసం ఆ ముక్కని చూపిస్తుంది. కోరల్‌డ్రా కూడా ఇదే దారి పట్టింది. 2008లో వచ్చిన ఎక్స్4 వెర్షన్ నుంచి సీడీఆర్ ఫైలు ఒక జిప్ మూట లాంటిది, దాని లోపల గోరంత బొమ్మకి వేరే అర ఉంటుంది. ఫైలు ఎక్కడికి వెళ్తే బొమ్మ అక్కడికి వెళ్తుంది. అయితే చూసే ప్రోగ్రాంకి ఆ అర ఎక్కడుందో తెలిసి ఉండాలి. తెలియకపోతే మూటలో ముక్క ఉన్నా తెల్ల కాగితమే కనబడుతుంది.

రెండో దారి, అడిగినప్పుడు నేసి చూపించడం. 1988 నుంచి ఉన్న ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ఉచిత ప్రోగ్రాం పోస్ట్‌స్క్రిప్ట్ భాషని చదివి బొమ్మగా మారుస్తుంది. 1996లో వచ్చిన ఇర్ఫాన్‌వ్యూ చాలామంది కంప్యూటర్లలో ఉంటుంది. అది ఈపీఎస్ చూపించాలంటే ఘోస్ట్‌స్క్రిప్ట్ పక్కన ఉండాలి, ఎస్‌వీజీ చూపించాలంటే ప్లగిన్ ఉండాలి. కంప్యూటర్ ఒకటే, ప్రోగ్రాం ఒకటే అయినా పక్కింట్లో బొమ్మలు కనబడి మనింట్లో కనబడకపోవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. లినక్స్ కంప్యూటర్లలో లిబ్‌ఆర్‌ఎస్‌వీజీ అనే పనిముట్టు ఎస్‌వీజీ గీసే పని చేస్తుంది.

మూడో దారి, ఒకసారి నేసిన ముక్కని దాచుకోవడం. ఫోల్డర్ తెరిచిన ప్రతిసారీ అన్నీ మళ్లీ గీయడం దండగ. అందుకని కంప్యూటర్ ఒకసారి చేసిన బొమ్మని పక్కన పెట్టుకుంటుంది. విండోస్ ఎక్స్‌పీ కాలంలో ఆ దాపు అదే ఫోల్డర్లో ఉండేది. విస్టా నుంచి యూజర్ ఖాతాలో ఒకే చోటికి మార్చారు. లినక్స్ వాళ్లు అందరికీ ఒకే పద్ధతి రాసుకున్నారు: మామూలు బొమ్మ 128 చుక్కలు, పెద్దది 256 చుక్కలు, పీఎన్‌జీ రూపంలో. అసలు ఫైలు ఎప్పుడు మారిందో ఆ తేదీ కూడా బొమ్మలోనే రాసిపెడతారు. తేదీ కలవకపోతే పాత ముక్క పారేసి కొత్తది గీస్తారు. పద్ధతి మంచిదే. కానీ పెన్‌డ్రైవ్‌లో డిజైన్లు వేసుకుని ఇంకో ఊరు వెళ్తే ఆ దాపు మన వెంట రాదు, ఇంట్లో కంప్యూటర్లోనే ఉండిపోతుంది.

బొమ్మ రాని చోట్లు, తప్పుగా వచ్చే చోట్లు

ఇల్లస్ట్రేటర్ ఫైలు దాచేటప్పుడు పీడీఎఫ్‌తో కలిసేలా దాచాలా అని ఒక గడి అడుగుతుంది. ఫైలు సైజు తగ్గుతుందని కొందరు దాని టిక్కు తీసేస్తారు. అలా దాచిన ఫైలుని వేరే ప్రోగ్రాంలో చూస్తే మన నెమలి బదులు, ఇందులో పీడీఎఫ్ భాగం లేదని చెప్పే ఇంగ్లీషు వాక్యాలు కనబడతాయి.

అక్షరాల సంగతి ఇంకా ఇబ్బంది. చీర కొంగు మీద పేరు నేసే డిజైన్లలో, సంఘం ముద్రల్లో, పాత బ్యానర్లలో తెలుగు అక్షరాలు అను ఫాంట్లతో కూర్చినవి చాలా ఉన్నాయి. యూనికోడ్ రాకముందు అలవాటైన పద్ధతి అది. అలాంటి ఫైలు చూసే కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే తెలుగు బదులు అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి. గోరంత బొమ్మలోనూ అదే గందరగోళం. ఒడియా అక్షరాల పాత ఫాంట్లకీ ఇదే గతి. దాచేముందు అక్షరాలని గీతలుగా మార్చేస్తే, అంటే కర్వ్స్ చేస్తే, ఈ బాధ ఉండదు.

కొన్ని ప్రోగ్రాములు కావాలనే బొమ్మ చూపించవు. ఎస్‌వీజీ అంటే లోపల అక్షరాల్లో రాసిన ఆజ్ఞలు. అందులో గీతలే కాకుండా బయటి లింకులు, స్క్రిప్టులు కూడా ఇరికించవచ్చు. తెలియని చోటి నుంచి వచ్చిన ఫైలుని, మనం తెరవకముందే, ఫోల్డర్ చూస్తేనే చదివేయడం ప్రమాదమని జాగ్రత్తపడే పద్ధతి అది. అందులో న్యాయం ఉంది.

గోరంత బొమ్మా, దొంగ చూపూ

ఇప్పుడు వాట్సన్ పుస్తకం మళ్లీ గుర్తు చేసుకుందాం. కొనేవాళ్లు ముందు డిజైన్ పంపమంటారు. మనం ఫైలు ఇవ్వం, చిన్న బొమ్మ పంపుతాం, అంత చిన్నదాంతో ఏం చేస్తాడులే అనుకుంటాం. ఒకసారి లెక్క చూడండి. మన చేతిమగ్గాల మీద జకార్డు చాలాచోట్ల 240 హుక్కులది. అంటే ఒక బుటా గ్రాఫు వెడల్పు ఎక్కువలో ఎక్కువ 240 గళ్లు. కంప్యూటర్ చేసే పెద్ద గోరంత బొమ్మ 256 చుక్కలు. దాదాపు గడికో చుక్క వచ్చేసింది. ఫొటోకి ఆ సైజు చాలా చిన్నది కావచ్చు. మన బుటాకి మాత్రం అది పూర్తి గ్రాఫుతో సమానం. గళ్లు లెక్కపెట్టే ఓపిక ఉన్నవాడు దాంతోనే అట్టలు కొట్టించుకోగలడు. 1866లో జానెడు ముక్క చాలింది, ఇప్పుడు గోరంత చాలు.

భౌగోళిక గుర్తింపు ఉన్న నేతలకి చట్టం కొంత అండ. అది పేరుకి, ప్రాంతానికి ఉన్న అండ. మీ ఇంట్లో మీ నాన్న కల్పించిన ఒక బుటాకి అది అంతగా కాపలా కాయలేదు. కాబట్టి చూపించే బొమ్మ వేరు, దాచుకునే బొమ్మ వేరు అన్న తేడా మన చేతుల్లోనే ఉండాలి.

మనం చేసుకోదగ్గవి

సమాఖ్య తరఫున ప్రతి ఇంటికీ మా మనవి ఇది. పెద్ద చదువు అక్కర్లేదు, ఒక పూట పని.

డిజైను ఫైలు ఉన్న ప్రతి చోటా, అదే పేరుతో ఒక పీఎన్‌జీ లేదా జేపీజీ బొమ్మ కూడా పక్కన పెట్టండి. ఏ కంప్యూటర్లోనైనా, ఏ ఫోన్లోనైనా అది కనబడుతుంది. పెన్‌డ్రైవ్ ఎక్కడికి వెళ్లినా వెంట వస్తుంది. మూటకి ముక్క కుట్టడం మనమే చేసుకోవడం అన్నమాట. సీడీఆర్, ఏఐ ఫైళ్లని అలాగే ఉంచి, ఒక ఎస్‌వీజీ ప్రతి కూడా తీయించండి. కంపెనీలు మారినా, ప్రోగ్రాంకి డబ్బు కట్టలేకపోయినా ఆ ఫైలు తెరుచుకుంటుంది. అక్షరాలుంటే కర్వ్స్ చేయించండి. చేతివృత్తివాళ్ల కోసం డిజిటల్ ఇండియా కార్పొరేషన్ తయారుచేయించిన డిజిబునాయ్ అనే ఉచిత ప్రోగ్రాం జకార్డు, డాబీ గ్రాఫులకి పనికొస్తుంది. ఇంట్లో కుర్రాళ్లు దాన్ని ఒకసారి చూస్తే మంచిది.

పేరు తెలుగులో గానీ ఒడియాలో గానీ పెట్టండి, కంప్యూటర్ రెండూ తీసుకుంటుంది. ఫైనల్ అన్న మాట ఒక్కటి మానేయండి. అంచు పేరు, ఎవరు కల్పించారు, ఏ ఊరు, ఎన్ని హుక్కులు అన్న నాలుగు మాటలు చాలు.

బయటివాళ్లకి పంపే బొమ్మ వేరుగా చేయండి. గ్రాఫు నుంచి తీసిన బొమ్మ పంపకండి. నేసిన బట్టని కొంచెం ఏటవాలుగా, మడతతో ఫొటో తీసి పంపండి. కొనేవాడికి అందం కనబడుతుంది, గళ్లు లెక్కకి అందవు.

ఇంకో పని కంప్యూటర్ వల్ల కాదు. బొమ్మలు కనబడేలా చేశాక, ఇంట్లో పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ చూపించండి. ఇది మీ అమ్మమ్మ వాళ్ల వైపు అంచు, ఇది పెళ్లి చీరకే వేసేవాళ్లం అని వాళ్లు చెప్పే మాటలు రాసిపెట్టండి. వాళ్లకి ఫైలు పేర్లు చదవడం రాకపోవచ్చు. బొమ్మ చూస్తే మాత్రం ఒక్క క్షణంలో చెప్పేస్తారు. అలా చెప్పగలిగేవాళ్లు మన ఊళ్లలో ఏటేటా తగ్గుతున్నారు. వచ్చే వార్షికోత్సవానికి ఈ బొమ్మలూ మాటలూ సమాఖ్యకి అందిస్తే, ఇల్లిల్లూ తన అంచు పేరు చెప్పుకునే సంచిక ఒకటి వేద్దాం.